మా నాగక్క లగ్నం

మా అక్క పెద్దకర్మకు వెల్దుర్తి వెళ్ళాను. వచ్చిన ఆడవాళ్ళందరిదీ ఒకటే మాట. "ఎంత పుణ్యాత్మురాలమ్మా, పసుపుకుంకాలతో పోయింది." "మొగుడి చేతుల మీదుగా ఎల్లిపోయింది, ఆడదానికి ఇంతకన్నా ఏం గావాల?" అంటూ అక్క ఫోటోకు పెట్టిన బొట్టు నుంచి చిటికెడు కుంకుమ తీసి తమ పుస్తెలకు అద్దుకుంటున్నారు. ఫోటోకు పక్కనే నవారు మంచం మీద, తొంభై దాటిన మా బావ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి "మజ్జిగ" అన్నాడు. ఇద్దరు కోడళ్ళు, ఒక మనవరాలు ఒక్కసారే లేచారు. నేను తల వంచుకుని కూర్చుంటే పక్కనున్న పెద్దావిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. నాకు ఏడుపు కాదమ్మా, ఒళ్ళు మండిపోతోంది అని చెబుదామనుకున్నాను. చావింట్లో గొడవెందుకని అప్పటికి ఊరుకున్నాను.

ఎందుకు మండదు? మా అక్క ఈ నాగేంద్రమ్మనే, పెద్దమనిషి అయిన నాటి నుంచీ మొగుణ్ణి మింగే జాతకం అన్నారు. అన్నది ఎవరో పరాయివాళ్ళు కాదు, మేమే. ఆ మాట పుట్టిన ఇల్లు మా నాన్నది, దాన్ని ముద్దచేసి మూడుపూటలా ఆమెకు తినిపించిన ఇల్లు ఇది. ఇప్పుడు మొగుడు నిక్షేపంలా ఉండగా ఆమె వెళ్ళిపోయింది గనక పుణ్యాత్మురాలైంది. అరవై ఏళ్ళు ఒక మనిషిని గండంలా చూసిన నోళ్ళే, ఆమె కుంకుమ కోసం ఎగబడుతున్నాయి. పుట్టింటివైపు మిగిలినవాళ్ళలో నేనిప్పుడు పెద్దదాన్ని. నన్ను కసిరేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకే ఆ కథ మొదటి నుంచీ చెబుతాను.

మా ఊరు నరసరావుపేటకు ఎద్దులబండి మీద పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరం. నల్లరేగడి పొలాలు, నాపరాళ్ళు పరిచిన వసారా, ఎండాకాలంలో ఆ రాళ్ళ మీద నీళ్ళు చల్లితే వచ్చే వేడి వాసన, దొడ్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు, వీటన్నిటి మధ్య మా నాన్న చుట్ట పొగ. ఆ వసారా గోడకు పెద్ద గడియారం ఉండేది. పెళ్ళైన కొత్తలో నాన్న దాన్ని గుంటూరులో కొని, రైల్లో పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. మా వీధి మొత్తానికి ఇంకో గడియారం లేదు. ఆదివారం తలంటుకుని, ఇంకా తడి జుట్టుతోనే పీట ఎక్కి తాళంచెవితో కీ తిప్పేవాడు. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, కుక్క మొరిగినా కసిరేవాడు. పేటకు వెళ్ళినప్పుడల్లా రైల్వే స్టేషన్‌లో గడియారం చూసి, దారి పొడుగునా లెక్క కట్టుకుంటూ వచ్చి ముల్లు సరిచేసేవాడు. "ఇది స్టేషన్ టైము, తెలుసా" అని వచ్చినవాళ్ళకు చెప్పకుండా మంచినీళ్ళు కూడా ఇచ్చేవాడు కాదు.

వంటింట్లో మాత్రం ఆ గడియారాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. అమ్మకు చద్దివేళ, గొడ్లు కదిలే వేళ, నీడ గడప దాటే వేళ, దాలిలో పాలు పెట్టే వేళ ఉండేవి. దాలి అంటే దొడ్లో పిడకలు రాజేసిన గుంట. అందులో పొద్దుటి పాలు పగలంతా, సాయంత్రం పాలు రాత్రంతా సన్నగా కాగి, మీగడ ఎర్రగా అట్టకట్టేది. ఆ పాల వాసన, పిడకల పొగ కలిసి వస్తే సాయంత్రమైందని మాకు కళ్ళు మూసుకున్నా తెలిసేది. గడియారం కొట్టే గంటలు వసారాలో మగవాళ్ళకు, దాలి వాసన లోపల ఆడవాళ్ళకు. ఎవరి లెక్క వాళ్ళది. ఆ రెండు లెక్కలూ ఒక్కసారే తగువు పడ్డాయి, అదీ మా అక్క పుట్టుక దగ్గర.

మా అన్న పుట్టింది ముప్పాళ్ళలో, అమ్మ పుట్టింట్లో. అక్క కాన్పుకు మాత్రం అమ్మను ప్రయాణం చేయించే వీలు లేక అమ్మమ్మే మా ఇంటికొచ్చింది. వైశాఖం. అవి యుద్ధం రోజులు. పురిటి గదిలో అమ్మా, అమ్మమ్మా, మంత్రసాని. వసారాలో గడియారం కింద నాన్న. మా ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది. బిడ్డ పడగానే లోపలి ఆడవాళ్ళు గడప మీదుగా ఒక నిమ్మకాయను బయటికి దొర్లిస్తారు. ఆ హడావిడిలో ఎవరి కేక ఎందుకో తెలియదు గనక, నిమ్మకాయ గడప దాటిన వేళే పుట్టిన వేళ. గడియారం లేని ఇళ్ళలో మగవాళ్ళు ఆకాశం వంక చూసి గుర్తుపెట్టుకునేవాళ్ళు. మా నాన్నకు ఆ ఖర్మేమిటి? నిమ్మకాయ కాళ్ళ దగ్గరికి రాగానే తలెత్తి గడియారం చూశాడు. ఎనిమిదింపావు. ఆ టైము ఆయన ఎక్కడా రాసుకోలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

పుట్టగానే జాతకం రాయించే అలవాటు మాకు లేదు. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక, పెళ్ళి మాట వచ్చినప్పుడు సిద్ధాంతిని పిలిచేవాళ్ళు. అక్కకు పెళ్ళి మాట కొత్తగా రావాల్సిన పనే లేదు. ముప్పాళ్ళ మేనమామ కొడుకు రామకోటి బావకు ఇవ్వాలని ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నారు. ఎండాకాలంలో బావ బండెక్కి వచ్చేవాడు, తాటిముంజెలు తెచ్చేవాడు. నాన్న పొలం వెళ్ళాక గడియారం కింద నిలబడి పొట్ట ముందుకు తోసి, "ఇది స్టేషన్ టైము, తెలుసా" అని గొంతు మార్చి అనేవాడు. తర్వాత "ఠంగ్, ఠంగ్" అని గంటలు కొట్టేవాడు. తలుపు చాటున అక్క పైట నోట్లో కుక్కుకుని నవ్వేది. అంత గట్టిగా నవ్వే పిల్లను మా ఊళ్ళో నేను ఇంకొకరిని చూడలేదు.

సిద్ధాంతి పక్క ఊరాయన. చుట్టుపట్ల ఊళ్ళన్నిటికీ ఆయనే రాసేవాడు. చెడ్డవాడని అనను, పిరికివాడు. పొడుం పీల్చి, వేళ్ళు లెక్కపెట్టి, చక్రం వేసి, మొహం ముడుచుకున్నాడు. "వృశ్చిక లగ్నం. ఎనిమిదింట కుజుడు." అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. లగ్నం సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. బిడ్డ పుట్టిన క్షణాన తూర్పున ఏ రాశి పైకొస్తుంటే అదే ఆ బిడ్డ లగ్నం. రెండు గంటలకు అటూ ఇటూగా రాశి మారిపోతుంది. లగ్నం నుంచి ఎనిమిదో ఇల్లు ఆడదానికి మాంగల్య స్థానమట. అక్కడ కుజుడు కూర్చుంటే మొగుడికి ఆయుష్షు ఉండదట. వృశ్చికానికి ముందుండే తులలో పుడితే అదే కుజుడు తొమ్మిదో ఇంట్లోకి జరిగిపోతాడు, దోషమూ లేదు, గోలా లేదు. అంటే మా అక్క ఒక గంట ముందు పుట్టి ఉంటే సరిపోయేదన్నమాట.

ఈ సంగతి తెలిసి ముప్పాళ్ళ నుంచి అమ్మమ్మా మామయ్యా వచ్చారు. వద్దనడానికి కాదు, మాకు ఈ పట్టింపు లేదు, పిల్లను మాకే ఇవ్వండి అని చెప్పడానికి. అమ్మమ్మ తలుపు వెనక నిలబడే మాట్లాడింది గానీ గొంతు వీధిలోకి వినిపించింది. "వృశ్చికం లేదు గిశ్చికం లేదు అబ్బాయా. నిమ్మకాయ దొర్లించింది నా చేత్తో. అప్పటికి పడమట ఎరుపు గూడా పోలా. బర్రె పాలు తీసి దాలిలో పెట్టి అట్టా లోపలికొచ్చా, ఇట్టా పిల్ల పడింది. ఎనిమిదింపావంటే ఊరు మాటుమణిగే వేళ. అప్పుడు పుట్టిందంటావేంది?"

"గడియారం జూసి జెబుతున్నా అత్తా. నా కళ్ళతో జూశా" అన్నాడు నాన్న.

"అయితే నీ గడియారమే అబద్దమాడింది."

ఆమె ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నాన్న నన్నూ, అమ్మనూ, పుట్టిన ఊరినీ ఏమన్నా సహించేవాడు, గడియారాన్ని అంటే మాత్రం కాదు. చుట్ట అవతల పారేసి లేచాడు. "నీ మనవడికి కట్టబెట్టుకోటానికి పుట్టిన గడియ గూడా మారుస్తన్నావు. రేపు నీ మనవడికి ఏదన్నా అయితే నా కూతురి మీద పడి ఏడిచేది మీరే. ఈ సంబంధం నాకొద్దు, పోండి" అన్నాడు. మామయ్య ఏదో సర్దబోయాడు. అమ్మమ్మ తలుపు చాటు మాని వసారాలోకే వచ్చేసింది. "సరే, ఇయ్యొద్దులే. ఆ గోడకే ఇచ్చి పెళ్ళి జెయ్యి నీ కూతుర్ని" అని, తాగబోయే మజ్జిగ గ్లాసు అక్కడే పెట్టి బండెక్కింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఒక గోడ గడియారం మీద పోట్లాడుకుని రెండిళ్ళు విడిపోయాయంటే ఇవాళ ఎవరైనా నవ్వుతారు. ఆనాడు మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు, ముఖ్యంగా ఆ నవ్వే పిల్లకు.

అప్పటి నుంచి అక్కకు మంగళవారాలు మొదలయ్యాయి. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, మణికట్టుకు ఎర్రదారం, రోజంతా పస్తు, దీపం పెట్టాక ఒక బెల్లం ముక్కా గ్లాసుడు పాలు. ఎవరింట్లో పెళ్ళైనా తలంబ్రాల పళ్ళెం ముట్టనిచ్చేవాళ్ళు కాదు. పెళ్ళికొడుకు ఎదురొస్తున్నాడంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకుని పక్కకు లాగేవాళ్ళు. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయేవి. మా అక్క ముఖం చూసి ఒక్కరూ వద్దనలేదు, ఆ ఎనిమిదో ఇల్లు చూసి అందరూ వద్దన్నారు. చివరికి అక్క ఈడు దాటిపోతోందని అందరూ బెంగపడుతుంటే, సిద్ధాంతే వెల్దుర్తి సంబంధం తెచ్చాడు. పెళ్ళికొడుక్కీ కుజదోషమే, కుజుడికీ కుజుడికీ చెల్లు అన్నాడు. అక్కకంటే పదిహేనేళ్ళు పెద్ద, మొదటి పెళ్ళాం పోయింది. నాన్న ఒప్పుకున్నాడు, తాంబూలాలు పుచ్చుకున్నారు.

నేను అప్పుడు పేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మాకు భూగోళం చెప్పే టీచరమ్మ క్రైస్తవులు, వాళ్ళ నాన్న పల్లెలో పాస్టరుగా చేశారు. ఒకరోజు రేఖాంశాల పాఠంలో, ఏ దేశానికి ఆ టైము ఎట్లా వస్తుందో చెబుతూ నవ్వారు. "మీరింకా పుట్టలేదు. యుద్ధం రోజుల్లో సర్కారు దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపించింది. ఇంకా పొద్దు గూకకముందే గడియారంలో ఏడున్నర అయ్యేది. మా నాన్న గంట కొడితే జనం కొత్త టైమా పాత టైమా అని కొట్టుకునేవాళ్ళు. సగం మంది ప్రార్థన అయ్యాక వచ్చేవాళ్ళు." క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం అక్క పుట్టిన వేళ గుర్తొచ్చింది. చెయ్యెత్తి, యుద్ధం అయ్యాక మళ్ళీ వెనక్కి జరిపారా అని అడిగాను. "జరిపారు. తర్వాత అందరూ మర్చిపోయారు" అన్నారామె.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళీ వెళ్ళగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా నాన్నతో చెప్పాను. ఆయన నన్ను కసురుతాడనుకున్నాను. కసరలేదు. తలెత్తి గడియారం వంక చూశాడు. జవాబు చెప్పింది అమ్మ. "అవును, కొత్త టైము. స్టేషన్‌కెళ్ళొచ్చి ముల్లు జరిపింది మీరే గదా. ఏడున్నరైనా పొద్దు గూకలేదేందని నేను నవ్వితే నా మీద ఇంతెత్తున లేశారు. అప్పుడు పెద్దది కడుపులో ఉంది నాకు" అంది. ఆ మాట చెబుతూ చెబుతూనే దాని అర్థం ఆమెకు తట్టింది కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎనిమిదింపావు అంటే ఏడుంపావు. పడమట ఎరుపు, దాలిలో పాలు. అమ్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

మంగళవారమైనా సరే రమ్మని సిద్ధాంతికి కబురు పంపారు. ఆయన చక్రం మళ్ళీ వేశాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. పొడుం డబ్బా మూత పెట్టడం కూడా మర్చిపోయాడు. "తుల. తులాలగ్నమే. కుజుడు తొమ్మిదిలో ఉన్నాడు. దోషం లేదు" అన్నాడు. "యుద్ధం అయిపోయి పదేళ్ళు దాటినాక రాశానయ్యా. టైము జెప్పింది మీరు."

"అడగాల్సింది నువ్వు" అన్నాడు నాన్న.

వాళ్ళిద్దరి ముఖాలూ నేను చూడలేదు, నా కళ్ళన్నీ వంటింటి తలుపు మీదే ఉన్నాయి. అక్క బయటికొచ్చింది. మణికట్టు దారం పళ్ళతో కొరికి తెంచేసింది. దొడ్లో కనకాంబరాలు కోసి, మాల కట్టే ఓపిక లేక అట్లాగే గుప్పెడు జడలో దోపుకుంది. "ఏమే శారదా, ఆకలిగా ఉందే" అని నా పక్కన కూర్చుంది. జొన్నన్నం, గోంగూర, దాలి పాల పెరుగు మీద మీగడ. మంగళవారం సాయంత్రం ఆమె అన్నం తినగా చూడటం నాకు ఎన్నేళ్ళకో. రెండోసారి పెట్టించుకుంది, మూడోసారీ పెట్టించుకుంది. అమ్మ వడ్డిస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. "రేపు పొద్దున్నే ముప్పాళ్ళకు మనిషిని పంపిద్దామే. అమ్మమ్మ ఎట్టా వచ్చిద్దో జూడు, బండి ఆగకముందే దూకిద్ది" అంది అక్క. చెయ్యి కడుక్కుని, వసారాలో ఎవరూ లేని సమయం చూసి గడియారం కింద నిలబడి, పొట్ట ముందుకు తోసి "ఇది స్టేషన్ టైము, తెలుసా" అంది. అని, పైట నోట్లో కుక్కుకోకుండానే నవ్వింది. ఆ నవ్వుకు దొడ్లో గొడ్లు తలలెత్తాయి.

పొద్దున్నే నేను పిడకల కోసం వామి దగ్గరికి వెళ్తే, అవతల పక్క నాన్నా సిద్ధాంతీ మాట్లాడుకుంటున్నారు. రాత్రి ఆయన వెళ్ళలేదన్నమాట. "ఆ కొత్త టైము మూడేళ్ళల్లో పుట్టిన పిల్లలందరికీ రాసింది నేనే. ఎన్ని లగ్నాలు తప్పినయ్యో, ఎన్ని సంబంధాలు తప్పించానో. ఈ మాట బయటికొస్తే నన్ను ఏ గడపా తొక్కనియ్యరు. నా పొట్ట కొట్టమాకయ్యా" అని ఆయన ఏడ్చినంత పని చేస్తున్నాడు. నాన్న చుట్ట పీలుస్తున్నాడు. చుట్ట నుసి రాల్చి, "నువ్వు జెప్పేదేంది, నేను పొయ్యి మా అత్త కాళ్ళ కాడ నిలబడాలా? నీ మాటే నిజమత్తా, నా గడియారమే తప్పని జెప్పాలా? తాంబూలాలు గూడా అయిపోయినయ్. ఈ సంగతి ఇక్కడితో సరి" అన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు తమ ముఖాలు దాచుకోవడానికి మా అక్కను అడ్డం పెట్టుకున్నారు. ఇంతకన్నా మర్యాదగా ఆ సంగతి చెప్పడం నాకు చేతకాదు.

అక్క ఊరికే ఊరుకుందనుకోవద్దు. నా నోట ఆ సంగతి విని, ఆదివారం కీ తిప్పడానికి పీట మీద ఎక్కిన నాన్న ముందుకెళ్ళి నిలబడింది. "నాన్నా, నేను ఏ వేళప్పుడు పుట్టానో నీకు తెలుసు గదా?" అంది. ఆయన వెనక్కి తిరగలేదు. "గడియారంలో ఎంతయిందో అప్పుడే పుట్టావు" అన్నాడు. నేను అరిచాను, ముప్పాళ్ళకు నడిచైనా వెళ్ళి చెబుతానన్నాను. చెంప ఛెళ్ళుమంది. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన నన్ను కొట్టలేదు. నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. అక్క పెళ్ళయ్యేదాకా నన్ను హాస్టల్‌కు పంపలేదు, ఇంటి గడప దాటనివ్వలేదు. అమ్మ మాత్రం? పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. అమ్మ ఏడుపు మా ఇంట్లో గడియారం టిక్కుటిక్కుల్లాంటిది, ఎవరికీ వినపడేది కాదు.

ఇక్కడితో అయినా అయిందా? వెల్దుర్తివాళ్ళకు కుజుడికీ కుజుడికీ చెల్లన్నా ధైర్యం చాలలేదు. పెళ్ళికొడుకు తల్లి, అరటిచెట్టు పెళ్ళి జరిపిస్తేగానీ పీటల మీదికి రానివ్వనంది. అరటిచెట్టును మొదటి మొగుడిగా చేసి, తాళి కట్టించి, ఆ చెట్టును నరికేస్తారు. చావాల్సిన మొగుడు ఆ చెట్టుతో చచ్చిపోయాడని లెక్క. దోషం లేదని తెలిసిన నాన్నా, దోషం లేదని తేల్చిన సిద్ధాంతీ, ఇద్దరూ దగ్గరుండి ఆ తంతు జరిపించారు. మా దొడ్లో చెట్టే. నరుకుతుంటే కారిన పసరు అక్క కొత్తచీర మీద పడింది. అరటి మరక చస్తే పోదు. ఆ మరక చీరతోనే అత్తారింటికి వెళ్ళింది. సిద్ధాంతి మంత్రం చదువుతుంటే ఆయన గొంతు ఒక్కసారి కూడా వణకలేదు, నేను చెవులు రిక్కించి మరీ విన్నాను.

వెల్దుర్తిలో బావకు జలుబు చేస్తే అత్త అక్క వంక చూసేది. తేలు కుడితే చూసేది. బండి చక్రం ఊడి ఆయన కింద పడితే, దెబ్బ ఎంతో చూడకుండా ముందు కోడల్ని చూసింది. మంగళవారాలు మళ్ళీ మొదలయ్యాయి. నాకు ఉద్యోగం వచ్చాక, నా మాటకు కాస్త విలువ వచ్చాక, అక్కను గట్టిగా అడిగాను. "నీకు తెలుసు గదే నీది తులని. ఇంకా ఈ పస్తులేంది?" అన్నాను. అక్క తిరగలిలో కందులు పోస్తూ నెమ్మదిగా చెప్పింది. "తెలుసే. మంచిగున్నప్పుడు తెలుసు. ఆయనకు ఒళ్ళు కాలిందనుకో, నాకేమీ తెలీదు. ఎనిమిదో ఇల్లే గుర్తొచ్చిద్ది. ఏం జెయ్యను? నా లోపల వృశ్చికమే ఉంది." నాకు ఆనాడు నాన్న కనబడితే ఏం చేసేదాన్నో. అప్పటికే ఆయన లేడు. గడియారం అన్నయ్య ఇంట్లో అటక మీద ఉంది. రామకోటి బావ ఇంకో అమ్మాయిని చేసుకుని, పిల్లాపాపలతో నిండా బతికి వెళ్ళిపోయాడు. లెక్కలన్నీ అందరికీ సరిపోయాయి, ఒక్క అక్కకు తప్ప.

అరవై ఏళ్ళ తర్వాత ఇవాళేదో మారిందనుకుంటే అదీ లేదు. పెద్దకర్మ భోజనాలు అయ్యాయో లేదో, అక్క మనవడు కిరణ్ నా పక్కనే కూర్చుని ఫోన్‌లో ముహూర్తం పెట్టే ఆయనతో మాట్లాడుతున్నాడు. వాడి భార్యకు గుంటూరులో నెలలు నిండాయి. సిజేరియన్ తప్పదన్నారట, అయితే లగ్నం చూసి ఆపరేషన్ టైము పెట్టించుకుంటున్నారు. ఆనాడు లగ్నం వచ్చి బిడ్డ మీద కూర్చునేది, ఇప్పుడు లగ్నం కోసం తల్లి కడుపు ఎప్పుడు కొయ్యాలో చెబుతున్నారు. "వృశ్చికం మాత్రం వద్దండీ. మా నాయనమ్మది అదే. పాపం, జీవితమంతా ఉపవాసాలే" అన్నాడు వాడు ఫోన్‌లో.

ఇక నా వల్ల కాలేదు. "తుల" అన్నాను గట్టిగా. "మీ నాయనమ్మది తులాలగ్నం రా." కుంకుమ అద్దుకుంటున్నవాళ్ళంతా నా వంక తిరిగారు. కోడళ్ళు, "చిన్నత్త దుఃఖంలో ఏదో అంటోంది" అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు నవారు మంచం మీద నుంచి మా బావ, దిండు సర్దుకుంటూ, తాపీగా అన్నాడు. "తులే. నాకు తెలుసు. పెళ్ళైన ఏడాదే జెప్పింది, గడియారం కత అంతా."

నేను లేచి మంచం దగ్గరికి వెళ్ళాను. "తెలిసీ ఇన్నేళ్ళు పస్తులుంచావా బావా?"

"నేను ఉండమన్లా. వద్దనీ అన్లా" అన్నాడు. "ఉపాసముంటే పొయ్యేదేముంది? ఒకేళ నిజంగా ఏదన్నా ఉంటే, మనకు మంచిదే గదా అని ఊరుకున్నా."

మా అమ్మమ్మ అయితే ఆయన మంచం తిరగేసేది. నేను తిరిగొచ్చి నా చోట కూర్చున్నాను. కిరణ్ ఫోన్ ఎప్పుడు పెట్టేశాడో నేను గమనించలేదు. వాడు నా చెయ్యి పట్టుకుని, "తులలో పుట్టినవాళ్ళు ఎట్టా ఉంటారు చిన్ననాయనమ్మా?" అని అడిగాడు. వాడు ఫలం అడిగాడు. నాకు శాస్త్రం తెలియదు, తెలిసినదే చెప్పాను. తులలో పుట్టిన మీ నాయనమ్మను నేను ఒక్క సాయంత్రం చూశానురా, జడలో గుప్పెడు కనకాంబరాలు దోపుకుంది, మంగళవారమైనా మీగడ పెరుగుతో మూడుసార్లు అన్నం పెట్టించుకుని తింది, గడియారం కింద నిలబడి గొడ్లు ఉలిక్కిపడేటట్టు నవ్వింది, మర్నాటికి ఆ పిల్ల లేదు అని చెప్పాను. ఫోటో దగ్గర కుంకుమ పళ్ళెంలోకి వెళ్ళిన చేతులు వెనక్కి వచ్చాయి. గదిలో ఎవరో ముక్కు చీదారు.

"మజ్జిగ" అన్నాడు మా బావ.

కోడళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు, మనవరాలూ అక్కడే ఉంది. ఆయన మళ్ళీ అడిగాడు. ఒక్కరూ లేవలేదు.